సనూ గారికి దక్కిన మర్యాద

మా ఆయన జెజుమా సనూకి కార్డు లేదట! ఇరవై రెండేళ్ళుగా బోబో-జులాసో వచ్చినవాళ్ళకి ఊరు చూపిస్తున్న మనిషికి, ఊరు చూపించడానికి కార్డు లేదట! మట్టి మసీదు గోడల్లోంచి దుంగలు ఎందుకు పొడుచుకొచ్చాయో, పాతపేట వాగులో వాలుగ చేపల్ని ఎందుకు పట్టకూడదో, దాఫ్రా మడుగుకి ఎర్రబట్ట కట్టుకుని ఎందుకు వెళ్ళకూడదో ఆయన నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అయితే ఏం లాభం? ఈ ఏడాది నుంచి మెడలో ఫోటో కార్డు లేని గైడుని ఎక్కడా అడుగు పెట్టనివ్వడం లేదు. శుక్రవారం పొరుగు దేశంలోని అబిజాన్ నుంచి పన్నెండుమంది రిటైరైన టీచర్లు వస్తున్నారు. ఏడాదిగా పరాయి మొహం చూడని ఊరికి ఒక్కసారే అంతమంది! ఈలోగా కార్డు రాకపోతే వాళ్ళని ఇంకెవడో ఎగరేసుకుపోతాడు, మా ఆయన ఇంట్లో కూర్చుని ఈగలు తోలుకుంటాడు.

సోమవారం ఆఫీసుకి వెళ్ళాడు. కార్డులిచ్చే గుమాస్తా పేరు హమా సిదిబే. అతను ఫూలా, ఆవులు కాసే జాతి. మేం బోబోలం, సేద్యం చేసి జొన్న కల్లు తాగేవాళ్ళం. మా రెండు జాతులకీ తాతల నాటి నుంచీ బావామరదుల వరస. ఎదురుపడితే చాలు తిట్టుకోవాలి, నవ్వుకోవాలి. ఎంత మాటన్నా కోపం మాత్రం తెచ్చుకోకూడదు. ఒకరి మీద ఒకరు చెయ్యి వేయడమంటే మహా పాపం. వీళ్ళిద్దరూ పదిహేనేళ్ళుగా ఆ ముచ్చట తీర్చుకుంటూనే ఉన్నారు.

మా ఆయన తనలో తను నవ్వుకుంటూ తిరిగొచ్చాడు.

"కార్డేదయ్యా?" అన్నాను.

"నా దరఖాస్తు వాసన చూశాడే! 'బావా, దీన్ని కాసేపు ఎండలో ఆరబెట్టు, చదువుతుంటే మత్తెక్కుతోంది' అన్నాడు. ఆఫీసంతా గొల్లుమంది."

"నువ్వేమన్నావు?"

"చదువెప్పుడు నేర్చుకున్నావురా, మీ ఆవులు చెప్పాయా అన్నాను."

"బాగుంది సంబడం. కార్డేది?"

"రేపు రమ్మన్నాడు."

మంగళవారం కూడా అంతే. ఆ రోజు ఫోటో చూసి, "ఇందులో మనిషేడి బావా, కల్లు కుండ ఒక్కటే కనిపిస్తోంది" అన్నాడట. ఆ ముక్క చెప్పి మా ఆయన నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. జొన్నలు కాచి దోలో కల్లు వండి అమ్ముకునేదాన్ని, పొయ్యి దగ్గర నుంచి కదిలితే పని చెడుతుంది. అయినా బుధవారం పొద్దున్నే పొయ్యి ఆర్పేసి ఆయన వెంట బయల్దేరాను.

మమ్మల్ని చూడగానే హమా కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఓహో, ఇవాళ కల్లుతో పాటు కల్లు కాచేదాన్ని కూడా తెచ్చావేం బావా? కార్డు కావాలంటే ముందు మా తాత ఆవుని దొంగిలించినందుకు క్షమాపణ చెప్పు."

"మీ తాతే మా తాతకి బానిసరా. బానిసకి ఆవెక్కడిది? సరే, నవ్వింది చాలు. కార్డియ్యి బావా, ఎల్లుండి జనం వస్తున్నారు."

"అయ్యో, బోబోకి తొందర! కుండలో కల్లు పొంగిపోతోందా?"

"నిజంగా అడుగుతున్నాను హమా. నా బతుకది."

"ఇంకాసేపు మొహం అలాగే పెట్టు. ఏడిస్తే భలే ముద్దొస్తున్నావు బావా!"

వరసలో ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. మా ఆయన ఒక్కుదుటున బల్ల మీదికి వంగి హమా చొక్కా కాలరు పట్టుకున్నాడు.

"నేను నీకు ఆటబొమ్మనా? మూడు రోజుల నుంచి కుక్కలా తిప్పుతున్నావు! నీ కుర్చీ చూసుకునేగా ఈ పొగరు?"

చొక్కా గుండీ తెగి నేల మీద పడింది. నవ్వు ఠక్కున ఆగిపోయింది. వెనకున్న ముసలమ్మ "అయ్యయ్యో, మీ ఇద్దరి మధ్యా ఇలాంటివి పనికిరావురా" అంటూ మొహం తిప్పుకుంది. మా ఆయన పట్టు దానంతట అదే వదిలింది.

హమా కాలరు సరిచేసుకున్నాడు. సొరుగు లాగి ఒక కార్డు తీశాడు. ఫోటో అంటించి ఉంది, ముద్ర వేసి ఉంది, సంతకం కింద తేదీ చూస్తే సోమవారం! మొదటి రోజే తయారుచేసేసి, బావతో ఇంకో రెండు రోజులు సరదాగా గడుపుదామని సొరుగులో దాచుకున్నాడు. వీడి సరదా పాడుగాను, మనుషుల ప్రాణాలతో సరదా ఏమిటి? అని అరుద్దామనుకున్నాను. కానీ అతని మొహంలో నవ్వు మచ్చుకైనా లేదు.

"ఇక్కడ సంతకం చెయ్యండి, సనూ గారూ," అన్నాడు హమా.

పదిహేనేళ్ళలో ఆయన్ని అలా పిలవడం అదే మొదలు.

గురువారం, తప్పు ఒప్పుకునేటప్పుడు ఇచ్చే కోలా కాయలు పట్టుకుని ఇద్దరం హమా ఇంటికి వెళ్ళాం. మా ఆయన తప్పయిందన్నాడు. హమా లేచి నిలబడి, కాయలు తీసుకుని, "మీకెందుకండీ ఇంత శ్రమ?" అన్నాడు. మంచినీళ్ళిచ్చి గుమ్మం దాకా సాగనంపాడు. ఒక్క తిట్టు తిట్టలేదు.

శుక్రవారం టీచర్లు వచ్చారు. మా ఆయన మసీదు చూపించాడు, వాగు చూపించాడు. పాతపేటలో నేను సొరకాయ బుర్రల్లో అందరికీ దోలో పోస్తున్నాను. ఇంతలో హమా ఆఫీసు యూనిఫారంతోనే మోటారు సైకిలు మీద అటుగా వచ్చాడు. మా ఆయన ముఖం వెలిగిపోయింది. చేతులు రెండూ ఊపుతూ వీధంతా వినబడేలా అరిచాడు:

"ఒరేయ్ ఆవు తోకా! దాహమేసిందా, మీ దూడ పాలివ్వనందా? రా, నాలుగు గుక్కలు పోసి మనిషిని చేస్తాను!"

హమా బండి ఆపాడు. టోపీ తీశాడు.

"నమస్కారం సనూ గారూ. అతిథులు వచ్చినట్టున్నారు, కానివ్వండి," అని తల వంచి వెళ్ళిపోయాడు.

మా ఆయన చేతులు అలాగే గాలిలో ఉండిపోయాయి. పక్కనున్న టీచరమ్మ నోట్లో దోలో మింగి, సంబరంగా ఆయన వైపు తిరిగింది.

"ఆఫీసర్లు కూడా బండాపి దణ్ణం పెడుతున్నారే! ఈ ఊళ్ళో మీకెంత మర్యాదండీ!"