నిమ్మకాయలు తొక్కిన ఆటో

కె.ఆర్.పురం స్టేషను వెనక సందులో ఆయుధపూజ సందడంతా పాపక్క ఇంటి ముందరే. ఆమెకున్న ఆయుధం మాత్రం కదలని ఆటో. భర్త మునీంద్ర గుండెపోటుతో పోయినప్పటి నుంచి అది గోడకు మూతి ఆనించి నిలబడే ఉంది. ఏటా పండగనాడు దాన్ని బయటికి లాగి, కడిగి, చామంతి దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెడుతుంది. బండి వాటిని తొక్కుకుంటూ ముందుకు పోతేనే పూజ అయినట్టు. ఇంజను పనిచేయదు గనక వీధి ఆడవాళ్లు కొంగులు దోపుకుని నెడతారు. నిమ్మకాయలు చితుకుతాయి, చప్పట్లు మోగుతాయి. ఆ వెంటనే అందరూ కలిసి ఆటోను మళ్లీ గోడ దగ్గరికే నెట్టేస్తారు. ఇంత భక్తిగా వెనక్కి పోయే బండి బెంగళూరులో మరొకటి ఉండదు.

అమ్మేయమని చెప్పినవాళ్లకు కొదవ లేదు. పాపక్క వింటేగా! మునీంద్ర కూర్చుని కూర్చుని డ్రైవరు సీటు గుంట పడిపోయింది. అందులో ఎవరినీ కూర్చోనివ్వదు. పిల్లి పడుకున్నా చీపురు తీస్తుంది. ఇంటి ముందు ఆటో పెట్టుకుని, తాను మాత్రం హూడిలోని ఆఫీసు క్యాంటీనులో పనికి బస్సులో నలిగిపోతూ వెళ్తుంది.

ఈ ఏడు వేసవిలో మెకానిక్ రియాజ్ అటుగా పోతూ ఆగి, ఇంజను మూత తీసి మొహం చిట్లించాడు.

"ఇట్లే నిలబెడితే తుప్పు పట్టి సచ్చిపోతాదక్కా. రిపేరు చేసిస్తా. రోజూ కొంచేపు నడపాల."

"నడుపు. నేనేమన్నా వద్దంటినా?"

"నడపాలంటే సీట్లో కూసోవాల గదా!"

"నువ్వు కూసోకూడదప్పా."

"మరి ఎవురు కూసుంటారక్కా?"

పాపక్క పట్టు ఆమె మెడకే చుట్టుకుంది.

చెప్పులు విడిచి తనే ఎక్కింది. ఆ గుంట ఆమెకు మరీ పెద్దదైంది. ఏడుపొచ్చింది, ఏడ్చేసింది. రియాజ్ అటు తిరిగి, చూసిన టైరునే మళ్లీ చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి ఆమె కళ్లు తుడుచుకుని లోపలికి పోయి, పాత దిండొకటి తెచ్చి గుంటలో వేసుకుని కూర్చుంది.

"ఊ, ఇప్పుడు చెప్పు. క్లచ్ ఏది?"

రిపేరయ్యాక సందు చివరి ఖాళీ సైటులో పాఠాలు మొదలయ్యాయి. పాపక్క కంపచెట్లలోకి దూరింది, ఇటుకల కుప్పను గుద్దింది, రియాజ్‌ను పరుగులు పెట్టించింది. చివరికి లైసెన్సూ వచ్చింది. కానీ రోడ్డెక్కడానికి ధైర్యం చాలలేదు. రోడ్డెక్కితే ఆ ఆటో ఇక మునీంద్రది కాకుండా పోతుందేమోనని లోపల భయం. పాఠం కాగానే బండి మళ్లీ గోడ దగ్గరికే చేరేది.

పండగ రానే వచ్చింది. పూజ కాగానే పక్కింటి భాగీరథమ్మ అలవాటుగా కొంగు దోపుకుని, ఆడవాళ్లను వెంటేసుకుని వచ్చింది.

"ఈ తూరి నెట్టే పని లేదమ్మా. ఎక్కండి!" అంది పాపక్క. చెప్పినంత సులువుగా లేదు, దిండు రెండుసార్లు సర్దుకుని కూర్చుంది.

ఇంజను దగ్గింది, తుమ్మింది, అందుకుంది. నిమ్మకాయలు చితికి పుల్లటి వాసన గుప్పుమంది. ప్రసాదం బొరుగుల పళ్లెం ఒళ్లో పెట్టుకుని భాగీరథమ్మ దేవుళ్లందరినీ పిలిచింది. సందు చివర ఆగుతుందనుకున్న ఆటో మలుపు తిరిగి ఓల్డ్ మద్రాస్ రోడ్డు ఎక్కేసింది. వెనక బస్సొకటి అదే పనిగా హారన్ కొడితే, పాపక్క తల బయటికి పెట్టి అచ్చం మునీంద్రలాగే తిట్టింది. ఆ తిట్టు తన నోట విని ఆమెకే పకపకా నవ్వొచ్చింది. ఆయన ఎక్కడికీ పోలేదు. ఎంత హాయిగా అనిపించిందో!

తిరిగి వచ్చేసరికి పళ్లెంలో బొరుగులు లేవు, అన్నీ రోడ్డు పాలు. ఆడవాళ్లు దిగి, అలవాటు కొద్దీ ఆటోను గోడకేసి నెట్టబోయారు.

"వద్దు," అంది పాపక్క. "మూతి రోడ్డు తట్టుకే ఉండనీండి. పొద్దున్నే హూడికి పోవాల."