చదివి వినిపించాకే

తాండూరు రైల్వే స్టేషన్‌కు వెళ్లే దారిలో మహేశ్వరి కుట్టు దుకాణం ఉంది. మంగళవారం సెలవు. ఆ రోజు ఆమె బ్లాగు రాసుకుంటుంది. ఏడేళ్లుగా రాస్తోంది. అయితే రాసిన వెంటనే పెట్టదు. ఎవరి జాకెట్టు గురించి రాసిందో ముందు వాళ్లకే చదివి వినిపిస్తుంది. వాళ్లు వద్దంటే అక్కడితో సరి. కొన్ని మంగళవారాలు అలా ఖాళీగానే పోతాయి.

మొదట్లో ఈ పద్ధతి లేదు. ‘జాకెట్టు కుట్టడం ఎలా’, ‘పది రకాల మెడలు’ అంటూ ఎక్కడైనా దొరికేవే రాసేది. భర్త చంద్రకాంత్ నాపరాళ్లు పాలిష్ చేసే చోట పని చేస్తాడు. ఒకరోజు అన్నం తింటూ నవ్వాడు.

“నీ బ్లాగు నువ్వొకసారి, నేనొకసారి చూస్తున్నం. గింతకు కరెంటు దండగ.”

“మరేం రాయాలె?”

“దుకాణంల ఆడోళ్లు ఏమడుగుతరో గది రాయి. ఇంటికొస్తే నాకు చెప్పేది గదేనాయె.”

అప్పటినుంచి వారానికొక మనిషి గురించి రాసింది. ఒక భుజం దిగిన పూడూరు టీచరమ్మ. చేయి కాలిన మచ్చ కనిపించకుండా పొడుగు చేతులు కావాలన్న పెళ్లికూతురు. పేర్లు రాసేది కాదు. అడిగిన ప్రతివారికీ జవాబిచ్చేది. చదివేవాళ్లు మెల్లగా పెరిగారు.

యాలాల్ నుంచి వచ్చే మనోరమకు ఆపరేషన్ చేసి ఎడమ రొమ్ము తీసేశారు. ఆ సంగతి భర్తకు, అత్తకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇంతలో మరిది పెళ్లి వచ్చింది. మహేశ్వరి చిన్న నూలు సంచిలో దూది, బరువు కోసం ఆవాలు నింపింది. జాకెట్టు లోపల జేబు పెట్టి, సంచిని అందులో ఉంచి కుట్టేసింది. మనోరమ అద్దం ముందు పైట సర్దుకుని, పక్కకు తిరిగి చూసుకుంది.

“పో అక్కా, ఏడిపిస్తున్నవ్” అంది.

పెళ్లయ్యాక మహేశ్వరి ఆ జేబు గురించి రాసింది. పేరు లేదు, ఊరు లేదు. జాకెట్టును తిరగేసి తీసిన ఫోటో మాత్రం పెట్టింది. అంతకుముందు దేన్నీ అంతమంది చదవలేదు.

ఫోటోలో ఊదారంగు బట్ట, చిలకాకుపచ్చ అంచు కనిపిస్తున్నాయి. పెళ్లికి ఇంటి ఆడవాళ్లందరికీ పెట్టిన చీర అదే. వాళ్లలో తాండూరులో జాకెట్టు కుట్టించుకున్నది మనోరమ ఒక్కతే. తోటికోడలు ఆ ఫోటో తెచ్చి ఆమెకే చూపించింది.

మనోరమ ఫోన్ చేసింది. “అక్కా, నీ ముందట పైట తీసిన. మా అత్త ముందట గూడ తియ్యలే.” అంతే, పెట్టేసింది.

మహేశ్వరి వెంటనే ఆ పోస్టు తీసేసింది. యాలాల్ వెళ్తే మనోరమ గదిలోంచి బయటికి రాలేదు.

“పేరు రాయలే గద నువ్వు” అన్నాడు చంద్రకాంత్.

“బట్ట చెప్పింది గద.”

ఆ తర్వాత మంగళవారాల్లో ఆమె ఇల్లు సర్దుకుంది. బ్లాగు తెరవలేదు.

ఎండాకాలంలో మర్పల్లి నుంచి ఒకామె ఫోన్ చేసింది. వాళ్ల చెల్లెలికి అదే ఆపరేషన్ అయిందట. జేబు గురించి రాసింది ఇప్పుడు కనిపించడం లేదంది. మహేశ్వరి ఎలా కుట్టాలో ఫోన్లోనే వివరించింది. తర్వాత మనోరమకు మాటలు రికార్డు చేసి పంపింది: “చెల్లె, ఇంకొకామె అడిగింది. నువ్వు వద్దంటే మల్ల ఎన్నడు రాయ.”

జవాబు రాలేదు. ఒక మంగళవారం మనోరమే సగం దించిన షట్టర్ కింద నుంచి వంగి లోపలికొచ్చింది.

“ఏం రాసినవో చదువు. మా ఇంట్ల అందరు చదివిన్రు, నేనే చదవలే.”

మహేశ్వరి ఫోన్లో దాచుకున్న పాత పోస్టు తెరిచి చదవడం మొదలుపెట్టింది. రెండో వాక్యానికే మనోరమ ఆపింది.

“‘వేసుకుంటే హాయిగా ఉంటుంది’ అన్నవ్. నువ్వేసుకున్నవా? ఎండకు మస్తు ఉడుకుతది. ఆవాలు చెమటకు తడిసి వాసనొస్తది. సంచి బయటికి తీసేటట్టుండాలె. రెండుండాలె, ఒకటి ఆరేస్తే ఇంకోటి.”

“రాస్త.”

“మచ్చకు కుట్టు ఒరుసుకుంటది. లోపల పాత పంచె గుడ్డ వెయ్యమను.”

“ఇంకా?”

మనోరమ కాసేపు అద్దం వైపు చూసింది. “మొదటిసారి చూస్కుంటే ఏడుపొస్తదని రాయి. తెల్వకపోతే పరేషాన్ అయితరు.”

“ఫోటో పెట్ట. పేపరు మీద జేబు బొమ్మ గీసి పెడ్త.”

“గది మంచిగుంటది.”

మనోరమ తన సంచిలోంచి ఊదారంగు జాకెట్టు తీసి బల్ల మీద పెట్టింది.

“చంక కింద బిగుతైంది, జర విప్పు. జేబు గూడ ఇప్పుడు చెప్పినట్టే చెయ్యి. మా తోటికోడలు బిడ్డది తొట్టెల ఫంక్షనుంది. అందరు గదే చీర కడ్తరంట.”

“నువ్వు గూడ కడ్తవా?”

“ఎందుకు కట్ట? అందరిలకు నాదే మంచిగ కుదిరింది.”

మహేశ్వరి జాకెట్టు తిరగేసి, బ్లేడు తీసుకుని కుట్టు విప్పసాగింది.