కాలికి తగ్గ చక్రం

మా సైకిల్ మావ పోయాడన్న కబురు పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్న వచ్చింది. నేను మా ఊరి పోస్టుమాన్‌ని. సంచి విప్పి ఉత్తరాలు వేరు చేస్తుంటే పక్కింటాయన గుమ్మంలో నిలబడి, పలాసలో డయాలసిస్ మంచం మీదే ప్రాణం పోయిందట అన్నాడు. సరేనని తలూపి, మిగిలిన ఉత్తరాలు కూడా వేరు చేశాను. నన్ను తిట్టుకోండి, తప్పులేదు. కిడ్నీ రోగి లేని వీధి మా ఉద్దానంలో లేదు. ఇలాంటి కబురు విన్నప్పుడల్లా కూలబడితే ఇక్కడ ఎవరూ లేచి నిలబడలేరు. కూలబడడం నాకు నాలుగు రోజుల తర్వాత వచ్చింది.

ఆయన నాకు చుట్టం కాదు. ఊరందరికీ మావే. రోడ్డు పక్కన రేకుల షెడ్డులో నలభై ఏళ్లు సైకిళ్లు బాగుచేశాడు. పంక్చర్లు ఎవరైనా వేస్తారు. మావ గొప్పతనమంతా పళ్ల చక్రాలు ఎంచడంలో ఉండేది. పెడలు దగ్గర ముందు చక్రం, వెనుక చక్రానికి ఫ్రీవీలు అనే చిన్న పళ్ల చక్రం, రెండింటినీ కలిపే చైను. ముందు పళ్లు ఎక్కువైతే బండి జోరుగా పోతుంది, కాలికి బరువు. ముందు తగ్గించి వెనుక పెంచితే కాలికి తేలిక, దారి మాత్రం తొందరగా తరగదు. ఇంతే లెక్క. ఆ లెక్క ఎవరికి ఎలా కుదురుతుందో తెలుసుకోవడానికి మావకి ఒక పద్ధతి ఉండేది. చక్రం మార్చమని వచ్చినవాడు తన బరువుతో సహా రావాలి. చేపల బుట్ట, జీడిపిక్కల బస్తా, కొబ్బరి గెలలు, ఏది మోస్తే అది కట్టుకుని రావాలి. ఆ బండిని వాడి దారిలోనే కొంతదూరం మావ స్వయంగా తొక్కి వచ్చి, చెమట తుడుచుకుని, అప్పుడు పళ్లు చెప్పేవాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు అదంతా చాదస్తంగా అనిపించింది. కాశీబుగ్గ వెళ్లి నలభై ఎనిమిది పళ్ల పెద్ద చక్రం కొని, మెరుస్తోందని మురిసిపోయి వేయించుకొచ్చాను. హైవే మీద బాణంలా పోయింది. మర్నాడు సంచితో సముద్రం ఒడ్డు ఊళ్లకి బయల్దేరితే ఇసక తగిలిన చోటల్లా దిగి తోయడమే. సాయంత్రం కాళ్లీడ్చుకుంటూ వచ్చిన నన్ను మావ కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. తర్వాత నా సంచి తగిలించుకుని ఆ ఇసకలోకి తనే తొక్కుకుంటూ పోయాడు.

"నువ్వు తొక్కీది ఇసక దారి. నీ కాలికి తగ్గ పళ్లు ఏత్తాను గాని, సూసీవోల కళ్లకి తగ్గ పళ్లు నానెయ్యనురా అల్లుడా" అన్నాడు తిరిగొచ్చి.

ముందు నలభై నాలుగు, వెనుక ఇరవై వేశాడు. పదకొండేళ్లు ఆ పళ్లతోనే ఉత్తరాలు పంచాను. మధ్యలో ఒకసారి చైను ఒక్కటే మార్చమంటే ఒప్పుకోలేదు. చైనును ముందు చక్రం మీద నుంచి బొటనవేలితో లాగి, కిందనుంచి పన్ను బయటపడడం చూపించాడు. పన్ను కనబడిందంటే అరిగినట్టే, మూడూ కలిసి అరిగాయి కాబట్టి మూడూ కలిపే మార్చాలన్నాడు. అరిగిన పళ్ల మీద కొత్త చైను జారిపోతుందని ఆయన చెబితే నమ్మకం కలిగేది. చెప్పేటప్పుడు ఆయన మన ముఖం చూసేవాడు కాదు, చక్రాన్నే చూసేవాడు.

ఐదేళ్ల కిందట ఆయనకీ ఆ కిడ్నీ జబ్బు వచ్చింది. మొదట కాళ్ల వాపు, తర్వాత పరీక్షలు, తర్వాత వారానికి మూడు రోజులు పలాస. మా ఊరికి ఏడు కిలోమీటర్లు. రోగులందరూ ఆటోలో కలిసి వెళతారు. మావ మాత్రం సైకిలు మీదే వెళ్లేవాడు. ఎందుకని అడిగితే, "ఆటోలో కూకుంటే మొన్న పక్కనున్నోడు ఇయ్యాల లేడని తెలిసిపోద్ది. సైకిలైతే దారొకటే సూసుకోవాల" అన్నాడు.

అప్పటికి నేను మోటారు సైకిలు కొనుక్కున్నాను. దింపుతానని ఒక్కసారి అడిగాను. వద్దన్నాడు. మళ్లీ అడగలేదు. నా డ్యూటీ సముద్రం వైపు, పలాస అటు వైపు. ఆయన వద్దన్నందుకు లోపల నాకు హాయిగానే ఉంది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

మావ సొంత బండికి ఎప్పుడూ ముందు నలభై నాలుగు, వెనుక పద్దెనిమిది ఉండేవి. జబ్బు వచ్చిన ఏడాదికి వెనుక ఇరవై వేసుకున్నాడు. ఆ తర్వాత ముందు నలభై, వెనుక ఇరవై రెండు. ప్రతిసారీ చైను పొడవు కూడా దానికి తగ్గట్టు సరిచేసుకునేవాడు. నేను చూస్తూనే ఉన్నాను. తిరుగు దారిలో ఎదురుగాలి ఎక్కువైందనేవాడు. సముద్రం వైపు నుంచి గాలి రావడం నిజమే కదా అనుకున్నాను. మోటారు సైకిలు మీద తిరిగేవాడికి గాలి ఏం తెలుస్తుంది?

పోవడానికి నెలన్నర ముందు నన్ను షెడ్డుకి పిలిచాడు. సూదులు గుచ్చే ఎడమ చేత్తో బరువు పట్టకూడదన్నారని, ఈసారి నన్నే వేయమన్నాడు. పిల్లల సైకిళ్లకి వేసే ముప్ఫై ఆరు పళ్ల కొత్త చక్రం, కొత్త ఫ్రీవీలు, కొత్త చైను. ఆయన పీట మీద కూర్చుని చెబుతుంటే నేను బిగించాను. బిగించాక పెడలు తిప్పి, "బాగుందిరా, ఇంకా తొక్కుతాను" అన్నాడు. నేను సంతోషించాను. ఊళ్లో ప్రతి కాలికీ లెక్క కట్టిన మనిషి తన కాలి లెక్క నా చేతుల్లో పెడితే, నాకు చదవడం రాలేదు.

ఆయన పోయిన నాలుగో రోజు అత్త, అంటే మావ భార్య, సైకిలు పలాసలోనే ఉండిపోయిందని, తెచ్చిపెట్టమని అడిగింది. బస్సులో వెళ్లాను. ఆస్పత్రి ఎదుట టీ కొట్టు పక్కన గోడకి ఆనించి ఉంది. చైనును బొటనవేలితో లాగి చూశాను. పన్ను బయటపడలేదు. నెలన్నర తొక్కిన చక్రానికి పళ్ల అంచున రంగు కూడా చెదరలేదు. మావ వచ్చినప్పుడల్లా దీని మీదే వచ్చేవాడా అని టీ కొట్టతన్ని అడిగాను.

"ఎక్కి ఒచ్చీవోడు కాదు బావూ. నెలన్నరై తోసుకునే ఒచ్చీవోడు. ఓ సెయ్యి హేండిలు మీద, ఓ సెయ్యి సీటు మీద ఏసీసి, దాన్నే ఊతం సేసుకుని నడిసీవోడు. ఎల్లీటప్పుడూ అంతే."

ఎక్కి తొక్కాను. నా కాళ్లు గిరగిరా తిరుగుతున్నాయి, అడ్డుకునేది ఏమీ లేదు. ఇంతకంటే తేలిక చేయడానికి మా ఊళ్లోనే కాదు, ఎక్కడా పళ్లు దొరకవు. కాశీబుగ్గ దాటకముందే దిగిపోయాను. అక్కడ రోడ్డు పక్కన నిలబడి ఏడ్చాను, జనం చూస్తున్నా ఆగలేదు.

ఒక చెయ్యి హేండిలు మీద, ఒక చెయ్యి సీటు మీద వేసి నడిచాను. జీడితోటల దగ్గర డయాలసిస్ అయినవాళ్ల ఆటో నన్ను దాటింది. లోపల మా ఊరివాళ్లు ఒకరి భుజం మీద ఒకరు వాలి ఉన్నారు. ఒకాయన తల బయటపెట్టి సైకిలు వైపు చూసి, తల లోపలికి తీసుకున్నాడు. ఆటో మలుపు తిరిగిపోయింది. నేను నడుస్తూనే ఉన్నాను. ఊరు ఎంతకీ రాలేదు.