చీటీ గీకేసిన డబ్బా

మంగళగిరిలో నేను నూలుకు రంగులు వేసిన రోజుల్లో మా అక్క భర్త నాలుకే మాకు కొలత. నూలుకు రంగు పట్టడానికి చవుడు మట్టి కలిపిన నీళ్ళు కాగులో తేరుకున్నాక, బావ వేలు ముంచి నాలుక చివర పెట్టుకునేవాడు. ఘాటు చాలిందో లేదో ఆయన చెప్పాకే నూలు ముంచేవాళ్ళం. ఊళ్ళో రంగు వేసేవాళ్ళందరిదీ అదే పద్ధతి.

యుద్ధం ముగిసిన మరుసటేడు మా కార్ఖానా షావుకారు చవుడుకు బదులు బెజవాడ నుంచి రేకు డబ్బాలు తెచ్చాడు. మా చేతికిచ్చే ముందు వాటి మీది కాగితాన్ని తానే కూర్చుని చాకుతో గీకేశాడు. సరుకు పేరు పక్క కార్ఖానాకు తెలిసిపోతుందని ఆయన భయం. పొట్లాం కాగితాలు చదివి చదివి అప్పటికి నేను ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కునేవాణ్ణి.

"దాని మీద ఏం రాసుందండీ?" అని అడిగాను.

"నువ్వేమన్నా ప్లీడరువా? నీళ్ళలో వెయ్యి, కరుగుద్ది. అంతే!"

ఆ తెల్లటి గడ్డలు కరిగాయి. కింద మంట లేకుండానే కాగు వేడెక్కింది.

"బావా, ఇదేదో తేడాగా ఉంది. నోట పెట్టుకోమాక."

"నాలుగు ఇంగ్లీషు ముక్కలొచ్చేసరికి నాకే పాఠాలా బామ్మర్దీ? రుచి చూడకుండా జోస్యం చెప్పమంటావా?" అని నవ్వి, వేలు నాకాడు.

నాలుక తెల్లగా ఉడికిపోయింది. నెల రోజులు అక్క ఆయనకు చల్లారిన గంజి చెంచాతో పోసింది. షావుకారు అక్క వాళ్ళ గుమ్మంలోకి వచ్చి అన్న మాట, "ఎవడు నాకమన్నాడు?" అని! ఇరవయ్యేళ్ళు ఆ నాలుక మీదే వ్యాపారం నడుపుకున్న పెద్దమనిషి ఆయన.

నేను బెజవాడ వెళ్ళి, షావుకారు ఆ సరుకు కొన్న కొట్లో గీకని డబ్బా వెతికి పట్టుకున్నాను. కాస్టిక్ సోడా. ఒంటికి తగలనివ్వొద్దని, మింగితే ప్రాణానికే ముప్పని రాసి ఉంది. గుమాస్తా చేత రెండుసార్లు చదివించుకున్నాను.

బావకు పుండు మానింది గాని రుచి తిరిగి రాలేదు. ఉప్పూ కారం తెలియని మనిషి కాగు దగ్గరెందుకని ఆయన్ను నూలు ఆరేసే పనిలోకి నెట్టి, షావుకారు మరొకణ్ణి తెచ్చుకున్నాడు.

"ఈ కొత్తాయనకైనా చెప్పారాండీ?" అని నిలదీశాను.

"చెబితే పన్లోకి దిగుతాడట్రా?"

తిన్నగా కాగు దగ్గరికి వెళ్ళి, డబ్బా మీద ఏముందో ఆ కొత్త మనిషికి అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. ఆయన ముంచబోతున్న వేలు వెనక్కి తీసుకున్నాడు. షావుకారు నన్ను ఆ పూటే పనిలోంచి తీసేశాడు.