సగం వేగం

కోర్టులో వాంగ్మూలాలు టైపు చేసే ఆమెకు బ్యాటరీ అంటే గుండెదడ. ఒకసారి విచారణ మధ్యలో ల్యాప్‌టాప్ ఆరిపోయి, ఒక ముసలాయన తన బాధంతా మళ్లీ మొదటినుంచి చెప్పుకోవలసి వచ్చింది. ఆమె కుర్చీ దాకా ప్లగ్గు వైరు రాదు. అందుకే కూర్చోగానే తెర వెలుగు తగ్గిస్తుంది, ప్రాసెసర్ వేగాన్ని సగానికి దించుతుంది, ఆపైన నిమిషానికోసారి మూలనున్న అంకెకేసి చూస్తుంది. "ఇంకా తొంభై ఉంది కదమ్మా, ఎందుకంత కంగారు?" అని బంట్రోతు నవ్వితే, "ఓసారి నోరు కాలినదాన్నయ్యా," అంటుంది.

మొన్న, విడిపోతున్న భార్యాభర్తల కేసులో, "ఎవరి దగ్గరుంటావమ్మా?" అని వాళ్ల ఎనిమిదేళ్ల పాపను జడ్జి అడిగారు. పాప గొణిగింది పక్కనే టైపు చేస్తున్న ఆమె ఒక్కదానికే వినిపించింది. వేళ్లు టకటకా కొట్టేశాయి. చెవిన పడ్డది వేళ్లలోకి జారిపోవడమే గాని మనసులో నిలవదు ఆమెకు. "ఏమందో చదవండి," అన్నారు జడ్జి. తెర మీద అక్షరాలు నత్తల్లా పాకుతూ ఇంకా ఆయన ప్రశ్న దగ్గరే ఉన్నాయి. "ఇంకా రాలేదయ్యా," అంది ఆమె. "పోనీ, ఇంకోసారి చెప్పు తల్లీ," అన్నారాయన. ఈసారి పాప అమ్మను చూసింది, నాన్నను చూసింది, తల దించుకుంది. "నాకు తెలీదు," అంది. అప్పుడు తెర మీదికొచ్చింది మొదటి జవాబు: అమ్మమ్మ దగ్గర. "అయ్యా, వచ్చింది," అని ఆమె లేచేసరికి పాప వెక్కివెక్కి ఏడుస్తోంది. బ్యాటరీ ఇంకా ఎనభై ఒక్క శాతం ఉంది.