ఊపిరి నేర్పమన్నారు

రెండేళ్ల కిందట చిత్తూరు నుంచి తిరుపతి వెళ్లే బస్సులో, నా చేతిలోని యోగా మ్యాట్ చూసి పక్క సీటులోని పెద్దామె పలకరించింది.

"ఏం పాపా, ఈ చాప ఎందుకు?"

మా వీధిలోనే అష్టాంగ యోగా క్లాసులు చెబుతానని, ఆసనాలకంటే ముందు ఊపిరి తీసుకోవడం నేర్పుతానని కాస్త గొప్పగానే చెప్పాను.

ఆమె చప్పున కిటికీ వైపు తిరిగింది. "ఏమయ్యా, ఇన్నావా? ఈ పాప ఊపిరి తీసుకునేది నేర్పిస్తాదంట!"

కిటికీ పక్కన ఆమె భర్త, ముందు సీటు కడ్డీ పట్టుకుని వంగి కూర్చుని ఎగశ్వాస తీస్తున్నాడు. ఇరవై ఏళ్లు గ్రానైట్ ఫ్యాక్టరీలో రాళ్లు కోశాడట. ఆ పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందట. ఇప్పుడు ఆమె ఆయన్ని తిరుపతిలో పెద్దాసుపత్రికి తీసుకుపోతోంది.

"మందులేవీ పని చేయలేదు పాపా. నువ్వన్నా సూడు," అంటూ నా చెయ్యి పట్టుకుంది.

కాదనలేకపోయాను. క్లాసులో ఒక్కో ఆసనానికి ఐదు శ్వాసలు లెక్కపెడతాం. ఆయన్ని నిటారుగా కూర్చోమని, మెల్లగా "ఒకటి" అన్నాను. ఆయన బడిపిల్లాడిలా కళ్లు మూసుకుని గాలి పీల్చాడు. మెడ నరాలు ఉబ్బాయి. నేను రెండు అనేలోపే దగ్గు తెర ముంచుకొచ్చింది. ఆమె ఆయన వీపు నిమురుతూ, ఇంకేదైనా చెబుతానేమోనని నా ముఖంలోకే చూస్తోంది. నేను తల వంచుకుని మ్యాట్ పట్టీ బిగించాను.

తిరుపతిలో దిగాక ఆయన నా దగ్గర ఆగాడు. ఊపిరి కూడదీసుకుంటూ ఒక్కో మాటే అన్నాడు.

"బాధపడొద్దు తల్లీ. నువ్వు బాగనే చెప్పినావు. నాకే చేతకాలేదు."