భూగోళానికి గౌరమ్మను పెట్టిన ఏడు

ఆ ఏడు ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అని అడిగితే నాకు ఇప్పటికీ నోరు పెగలదు. తర్వాత నేనూ టీచర్నే అయ్యాను. పిల్లల ముందు అన్నీ తెలిసినదానిలాగే మాట్లాడతాను. ఈ ఒక్క సంగతి మాత్రం ఎటూ తేల్చుకోలేకపోయాను.

ఎనభైల చివరి మాట. మాది ఆదిలాబాద్ జిల్లాలో బొగ్గు గనుల ఊరు. గనిని మా దగ్గర బాయి అంటారు. అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్లం. బాపు బాయి పనికి పోయేవాడు. నేను ఎనిమిదో తరగతి. ఆ ఏడే కరీంనగర్ నుంచి బదిలీ మీద ఒక సైన్స్ టీచరమ్మ వచ్చింది. మా డ్రాయింగ్ సారేమో బడి అయిపోగానే దుకాణాలకు బోర్డులు రాసే ఆర్టిస్టు. ఆమెకు సున్నం వేసినట్టు తెల్లటి చీరలు, ఆయనకు ఎప్పుడూ రంగు మరకల చొక్కా. ఇద్దరికీ ఎట్లా కుదిరిందో గానీ బడిని తలకిందులు చేశారు. మొక్కలు నాటించారు, గోడల మీద అడవి బొమ్మలు వేయించారు. బతుకమ్మ పండుగ దగ్గర పడేసరికి గునుగు పూల మీద పడ్డారు.

గునుగు తెల్లగా ఉంటుంది కదా, దాన్ని బజారు రంగుల్లో ముంచి బతుకమ్మను పేర్చడం మా అలవాటు. టీచరమ్మ వద్దంది.

"గా రంగులు చెరువుల కలుస్తయి. చెరువు నీళ్లు వాగుల, వాగు గోదాట్ల, గోదారి పోయి సముద్రంల కలుస్తది. సముద్రం మనదొక్కలదేనా? ఏ దేశపోళ్లో గా నీళ్లల్ల చేపలు పట్టుకుంటరు. వాళ్లు గూడ మనోళ్లే."

ఎన్నడూ చూడని మనుషులు మనవాళ్లు ఎట్లా అవుతారో నాకు అర్థం కాలేదు. పక్క వాడకట్టు వాళ్లతోనే మాకు పడేది కాదు!

డ్రాయింగ్ సారు ఇంకో అడుగు ముందుకేశాడు. ఈసారి బడి బతుకమ్మను భూగోళంలాగా పేర్చుదామన్నాడు. కంచెల మీది శంఖు పూలు ఉడికించి గునుగుకు నీలిరంగు పట్టించాం. సముద్రం వెలిసిపోయిన లుంగీ రంగులో వచ్చింది. ఖండాలకు తంగేడు, మన దేశానికి ఎర్రటి సీతజడ పూలు. ఎంత గుండ్రంగా పేర్చినా పైకి పోయేకొద్దీ సన్నబడింది. భూమి గుండ్రంగా ఉంటుందని చెప్పిన టీచరమ్మే దాన్ని చూసి చప్పట్లు కొట్టింది. ఏది నమ్మాలో తెలియక నేను కూడా కొట్టాను.

చూడ్డానికి వచ్చిన మా అవ్వ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"అన్ని దేశాలు పెట్టిన్రు, గౌరమ్మేదే? గౌరమ్మ లేకుంటె అది బతుకమ్మ గాదు, పూల కుప్ప!" అని పసుపు ముద్దతో గౌరమ్మను చేసి నడినెత్తిన పెట్టి దండం పెట్టింది.

"ఉత్తర ధ్రువం మీద గౌరమ్మ! మస్తు కుదిరింది" అని సారు మురిసిపోయాడు. అక్కడే పడింది చిక్కుముడి. అప్పుడు మాలో ఒక్కరికీ తట్టలేదు.

చివరి రోజు, సద్దుల బతుకమ్మ. బడి బతుకమ్మను నా నెత్తిన పెట్టారు. చెరువు గట్టు మీద ఆడవాళ్లంతా చుట్టూ తిరిగి ఆడారు, పాడారు. పొద్దుగూకింది. ఒక్కొక్కరే తమ బతుకమ్మలను నీళ్లలో వదులుతున్నారు. నేనూ నెత్తికెత్తుకుని మోకాళ్ల లోతుకు దిగాను. అప్పుడు టీచరమ్మ కేక వేసింది.

"ఆగు బిడ్డా! ముంచకు! భూమిని కాపాడాలె అని ఇన్ని దినాలు చెప్పి, ఇప్పుడు మనమే ముంచుతమా?"

సారు కూడా నాలుక కరుచుకున్నాడు. పాపం, ఇంత తెలివిగల వాళ్లిద్దరికీ పేర్చడమే గుర్తుంది, బతుకమ్మ అన్నాక చివరికి నీళ్లకే పోవాలన్నది గుర్తు లేదు.

అవ్వ ముఖం మాడిపోయింది. "గౌరమ్మను పెట్టి మొక్కినంక వాపస్ తీస్కపోతరా టీచరమ్మా? సాగనంపని గౌరమ్మ ఇంట్ల మనిషిని అడుగుతదంటరు. మా ఆయన బాయిల ఉన్నడు."

బాపుది ఆ రోజు రెండో షిఫ్టు. బాయిలో దిగిన మనిషి పైకి వచ్చేదాకా అవ్వ ప్రాణం అవ్వ దగ్గర ఉండేది కాదు. ఆ గౌరమ్మను పెట్టింది తనే, మోస్తున్నది తన బిడ్డే.

"అక్కా, గియ్యన్ని మనం అనుకునుడే. పూలకు, బాయికి ఏం సంబంధం?" అంది టీచరమ్మ.

అవ్వ "వదులే" అంటుంది. టీచరమ్మ "ఇటు తే" అంటుంది. వదిలితే చదివిన చదువంతా అబద్ధం, వదలకపోతే బాపు! ఏడుపొచ్చేసింది. టీచరమ్మే నన్ను నీళ్ల అంచుకు పిలిచి నా నెత్తి మీది నుంచి దించుకుని బడికి పట్టుకుపోయింది. ఇంట్లో పండుగకని రొట్టె, బెల్లం నలిపి చేసిన మలీద చేసినట్టే ఉంది, అవ్వ ముట్టలేదు. టీచరమ్మ చెప్పింది నిజమే అయ్యుండాలని దేవునికి మొక్కుకుంటూ పడుకున్నాను. సైన్సు నిజం కావాలని దేవునికి మొక్కడమేమిటో!

తెల్లవారుతుండగా అవ్వ వాకిలి ఊడుస్తుంటే టీచరమ్మ వచ్చింది. ఎన్నడూ మడత నలగని చీర, అంచంతా బురద. జుట్టు కూడా దువ్వుకోలేదు. గేటు బయటే ఆగిపోయింది.

"అక్కా... మీ ఆయన వచ్చిండా?"

అవ్వ జవాబు చెప్పే అవసరం లేకపోయింది. లోపలి నుంచి బాపు గురక వాకిట్లోకి వినిపిస్తోంది. టీచరమ్మ ఆ గురక వింటూ గోడకు ఆనుకుని అక్కడే కూలబడిపోయింది. కళ్లనిండా నీళ్లు.

"రాత్రంత కన్ను మూతపడలే అక్కా. ఇంకా చీకటుండంగనే పోయి చెరువుల వదిలి వచ్చిన."

అవ్వ చీపురు పక్కన పడేసి లోపలికి పోయి మలీద గిన్నె తెచ్చింది. ఆమె చేతిలో ఒక ముద్ద పెట్టి, తనూ ఒక ముద్ద తీసుకుని పక్కనే కూర్చుంది.

"గింత భయం పెట్టుకోని, నిన్న అంత మొండికి ఎందుకు పోయిన్రు టీచరమ్మా?"

"ఏమో అక్కా, నిన్న చెప్పింది అబద్ధం గాదు" అంది టీచరమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "మల్ల గంత భయం ఎందుకైందో నాకే సమజైతలేదు."